స్వరూప తీసుకోని నిర్ణయం

నేను చేసిన పనిని ఇంకొకరి నెత్తిన పెట్టి ఇన్నేళ్లూ బతికాను. ఆ బరువు ఆమె ఎంత మోసిందో నేనూ అంతే మోశానని రాయబోయాను. అది అబద్ధం. ఆమే ఎక్కువ మోసింది. అది తన తప్పేనని ఆమె నమ్మింది. ఎవరి తప్పో నాకు తెలుసు. తెలిసి మోయడం వేరు, తెలియక మోయడం వేరు.

మెదడు ఆపరేషన్లు చేసే డాక్టర్ని నేను. నా పేరు వద్దు. పంజాగుట్టలో నేను పనిచేసే ఆసుపత్రి పేరూ వద్దు. ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికే ఎన్నిసార్లు లేచానో. కిటికీ దగ్గరికి వెళ్లి సిగ్నల్ దగ్గర ఆగిన బస్సుల్ని చూసి వచ్చాను. ఫోన్ తీసి చూశాను. వార్డు నుంచి ఎవరైనా పిలిస్తే బాగుండు అనుకున్నాను. ఎవరూ పిలవలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియని వాళ్లకు చెప్పడమే తేలికేమో. లేదా ఇది కూడా తప్పించుకోవడమేనా?

రవీందర్ లేడీస్ టైలర్. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక ఒక సందు, ఆ సందులో మెట్లెక్కితే మొదటి అంతస్తులో అతని షాపు. వాళ్ల నాన్న సిరిసిల్లలో మగ్గం నేసేవాడు. కొడుకు పట్నం వచ్చి కత్తెర పట్టాడు. అతని బ్లౌజు కటింగ్ కోసం ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్లు వచ్చేవారు. భార్య స్వరూప అదే గదిలో ఒక మూల కూర్చుని హుక్కులు కుట్టేది, హెమ్మింగ్ చేసేది. ఇల్లు బోరబండలో. ఇంట్లో అతని తల్లి, బడికి వెళ్లే కూతురు సింధు.

దసరా ముందు పనితో తీరిక లేని రోజుల్లో అతను స్టూలెక్కి అటక మీది బట్టల మూట దించుతున్నాడు. స్టూలు జారింది. వెల్లకిలా పడ్డాడు. తల వెనక భాగం నేలకు కొట్టుకుంది. లేచి కూర్చుని నీళ్లు తాగి, ఏం కాలేదన్నాడట. కాసేపటికి వాంతి చేసుకున్నాడు. అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆటోలో మా దగ్గరికి తెచ్చారు.

దెబ్బ వెనక తగిలినా గాయం ముందు ఉంటుంది ఇలాంటి వాటిలో. పడ్డ విసురుకు మెదడు లోపల ఊగి, నుదుటి ఎముక లోపలి గరుకుకు రాసుకుని నలిగిపోతుంది. రవీందర్‌కు నుదుటి వెనక రెండు పక్కలా నలిగింది. స్కాన్‌లో అక్కడక్కడా రక్తపు మరకలు, చుట్టూ వాపు.

మనిషి మాట్లాడుతున్నాడు. పేరు చెబుతున్నాడు. చెయ్యెత్తమంటే ఎత్తుతున్నాడు. ఇలాంటప్పుడు డాక్టర్ ముందు రెండు దారులుంటాయి. పుర్రె తెరిచి, నలిగిన భాగం తీసి, వాచిన మెదడుకు చోటివ్వడం ఒకటి. వాపు తగ్గే మందులిచ్చి, కనిపెట్టుకుని ఉండి, మళ్లీ స్కాన్ తీసి చూసుకోవడం రెండోది. చాలామంది రెండో దారిలోనే బాగుపడి ఇంటికి వెళ్తారు, తల మీద కత్తి పడకుండానే. కానీ రెండు పక్కలా నలిగినవాళ్లు మోసం చేస్తారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి దిగజారిపోతారు. అందుకే ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. మొదటి సూచన కనపడగానే లేచి వెళ్లడానికి సిద్ధంగా ఉండి ఆగాలి.

మొదటి రెండు రోజులూ ఆగాను. అందులో తప్పు లేదు. ఎవరైనా ఆగేవారే. ఆ మాట నాకు నేను ఎన్నో వందలసార్లు చెప్పుకున్నాను, ఎందుకంటే అది నిజం. నిజమైన మాట ఒకటి దొరికితే దాని వెనక ఎంత పెద్ద అబద్ధమైనా దాక్కోగలదు.

మూడో రోజు మధ్యాహ్నం మా జూనియర్ డాక్టర్ ఇమ్రాన్ స్కాన్ పట్టుకుని నా గదికి వచ్చాడు. మరకలు పెరిగాయి. మెదడు లోపలి నీటి గదులు ముందువైపు నొక్కుకుపోయాయి. పొద్దున ఒక్క పిలుపుకు కళ్లు తెరిచిన మనిషి ఇప్పుడు భుజం తట్టి గట్టిగా పిలిస్తే గాని తెరవడం లేదు.

"మేడం, ఇగ ఆగుడు మంచిగ కాదనిపిస్తుంది. ఇప్పుడే తీస్కపోదాం," అన్నాడు ఇమ్రాన్.

అతను చెప్పింది సరైనదే. ఆ క్షణంలోనే నాకు తెలుసు. తెలిసి కూడా, ఇంట్లోవాళ్లతో మాట్లాడి వస్తానన్నాను.

ఎందుకు? అంతకుముందు వానాకాలంలో ఇలాంటి కేసే ఇంకొకటి వచ్చింది, ఒక కాలేజీ లెక్చరర్. ఆమెకు నేను తొందరగా ఆపరేషన్ చేశాను. ఆమె లేవలేదు. తర్వాత మా డాక్టర్ల మీటింగులో ఒక సీనియర్ అందరి ముందూ, కాస్త ఆగి ఉంటే సరిపోయేదేమో అన్నాడు. మెల్లగానే అన్నాడు. కానీ ఆ 'కాస్త ఆగి' అన్నది నా చెవిలోంచి పోలేదు. రవీందర్ స్కాన్ చూస్తున్నప్పుడు నాకు కనిపించింది రవీందర్ మెదడు కాదు. ఆ మీటింగు గది. ఈసారీ పోతే నన్ను ఏమంటారు? అతనికేమవుతుందని కాదు. నన్నేమంటారని.

ఐసియు పక్కన చిన్న గదిలో స్వరూప ఒక్కతే ఉంది. అత్తగారు మనవరాలిని చూసుకోవడానికి ఇంటి దగ్గరే ఉండిపోయింది. నేను ఆమె ఎదురుగా కూర్చుని రెండు దారులూ చెప్పాను. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఇది మీకు అర్థం కావాలి. ఒక్కటి కూడా చెప్పలేదు. ఆపరేషన్ గురించి చెప్పేటప్పుడు మాత్రం, పుర్రె ఎముక తీసి పక్కన పెడతామన్నాను. లేవకపోవచ్చన్నాను. లేచినా మాట రాకపోవచ్చన్నాను. మందుల గురించి చెప్పేటప్పుడు నా గొంతు మెత్తబడింది. ఇంకో రోజు చూద్దామంటే చూడొచ్చు అన్నాను. అతను మత్తుగా ఉన్నాడన్నాను గాని, మత్తు పెరుగుతోందని అనలేదు. మా డాక్టర్ ఇప్పుడే చేయాలంటున్నాడని అసలే చెప్పలేదు.

ఆమె నా ముఖమే చూస్తూ ఉంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి అడిగింది: "మీ తమ్ముడైతే ఏంజేస్తరు మేడం?"

నా తమ్ముడైతే ఆ పాటికి ఆపరేషన్ థియేటర్లో ఉండేవాడు.

నిర్ణయం ఇంటివాళ్లదేనని, మేం రెండూ చెబుతాం అంతేనని అన్నాను. ఆమె తల వంచుకుంది. నా మాటల్లో ఏది కావాలని నేను చెప్పకుండా చెప్పానో అది ఆమెకు అందింది. ఆగుదాం మేడం, తల కొయ్యొద్దు అంది. నాకు ఊపిరి వచ్చింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, అప్పుడు నాకు నిజంగానే ప్రాణం తేలికపడింది. బయటికి వచ్చి ఇమ్రాన్‌తో, వాళ్లు ఒప్పుకోవడం లేదు అన్నాను.

ఒప్పుకోవడం లేదు. అడగనిదే ఎలా ఒప్పుకుంటారు?

సాయంత్రం విజిటర్లను లోపలికి వదిలే లోపే రవీందర్‌కు ఒక కంటిపాప పెద్దదైంది, లోపలి ఒత్తిడి ప్రాణం మీదికి వచ్చిందనడానికి గుర్తు. అప్పుడు పరుగెత్తినంత వేగంగా నేనెప్పుడూ పరుగెత్తలేదు. ఎముక తీశాం, నలిగిన భాగం తీశాం, వాపుకు చోటిచ్చాం. మధ్యాహ్నం చేయాల్సిందే సాయంత్రం చేశాం. అతను బతికాడు. అందరూ చేతులు జోడించారు నాకు. స్వరూప నా కాళ్లకు దండం పెట్టబోతే వెనక్కి జరిగాను. ఆమె దాన్ని వినయం అనుకుంది.

మధ్యాహ్నమే చేసి ఉంటే అతను పూర్తిగా బాగుండేవాడా? ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ఈ మాట వెనకా నేను చాలాకాలం దాక్కున్నాను. మళ్లీ మీటింగు జరిగినప్పుడు, ఎందుకు ఆలస్యమైందని ఎవరో అడిగితే, కుటుంబం సిద్ధంగా లేదని చెప్పాను. ఆ గదిలో ఇమ్రాన్ తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. కొన్నాళ్లకు వేరే ఊళ్లో ఉద్యోగం దొరికి, వెళ్లేముందు నన్ను కలవడానికి వచ్చాడు. ఆ మాట ఎత్తుతాడేమోనని భయపడ్డాను. ఎత్తితే బాగుండుననీ అనుకున్నాను. అతను థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు.

ఇంత వరకూ చెప్పింది నా పిరికితనం. డాక్టర్లకూ భయం ఉంటుందని మీరు క్షమించినా క్షమిస్తారు. నేను చెప్పాలనుకున్నది దాని తర్వాతిది.

కొన్ని నెలల తర్వాత రవీందర్‌ను ఓపీకి తెచ్చారు. తీసిన ఎముక మళ్లీ పెట్టేశాం అప్పటికి. నడుస్తున్నాడు, తింటున్నాడు, పలకరిస్తే పలుకుతున్నాడు. కానీ తనంతట తాను ఏదీ మొదలుపెట్టడు. మిషన్ ముందు కూర్చోబెట్టి గుడ్డ చేతికిస్తే తిన్నగా కుడతాడు, ఆపమనే దాకా కుడుతూనే ఉంటాడు. కత్తెర ఇస్తే పట్టుకుని కూర్చుంటాడు. ఎక్కడ కోయాలో తేల్చుకోలేడు. నుదుటి వెనక మెదడు చేసే పని అదే, తేల్చుకోవడం, మొదలుపెట్టడం. ఉన్నట్టుండి కోపం వచ్చి చేతిలోది విసిరేస్తాడని స్వరూప చెప్పింది. ఆమె మాటల్లోనే తెలిసింది, కటింగ్ ఇప్పుడు ఆమే చేస్తోందని.

ఆ రోజు అత్తగారు కూడా వచ్చింది. కొడుకు పక్కన కూర్చుని, కోడలి వైపు చూడకుండా నాతో అంది: "అప్పుడే ఆపరేషన్ జేస్తే నా కొడుకు మంచిగయ్యేటోడంట గద మేడం. గీమెనే ఒద్దన్నది. గీమె చేతులనే ఆగమయ్యిండు."

స్వరూప నా వైపు చూసింది. అడగడం కాదు అది. ఎదురు చూడడం. ఒక్క మాట నేను అంటానని. ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? బయట క్యూలో ఉన్న మనిషి దగ్గినంతసేపు.

నేనన్నది ఇది: "అట్లా అనకండి అమ్మా. ఆ కంగారులో ఇంట్లోవాళ్లు ఏం చెప్పినా తప్పుపట్టకూడదు. స్వరూప భయపడింది. ఎవరైనా భయపడతారు."

ఎంత మంచి మాటో చూడండి. ఎంత దయ. నా తప్పుకు నేను ఆమెను క్షమించాను, ఆమె అత్త ముందు. డాక్టరమ్మే చెప్పాక ఇక అనుమానం ఏముంది? స్వరూప కళ్లు దించుకుని, అవును మేడం, భయపడ్డ అంది.

అది నేను చేసిన తప్పు. దాన్నే చెప్పడానికి కూర్చున్నాను.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు. కేసు వేస్తారనా? ఆగడం తప్పని నిరూపించడం ఎవరి తరమూ కాదు. మరెందుకు? ఆమె కళ్లలో నేను మంచి డాక్టర్ని. అది పోతుందని. అంతే. ఇంకా పెద్ద కారణం ఏదైనా ఉంటుందేమోనని ఇన్నేళ్లూ వెతికాను. లేదు.

ఆ తర్వాత చెప్పడానికి ఇంకో అవకాశం వచ్చింది. సింధు బడిలో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఎముకల డాక్టర్ సిమెంటు పట్టీ వేసినా సరిపోతుంది, ప్లేటు వేస్తే త్వరగా కుదురుతుంది, ఏం చేద్దామంటారు అని అడిగాడట. స్వరూప ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక, పిల్లను అక్కడే కూర్చోబెట్టి, ఆటో ఎక్కి నా దగ్గరికి వచ్చింది. నా నోటితోని ఏం జెప్పినా ఆగమైతది మేడం, మీరే చెప్పుర్రి, నన్ను అడగొద్దని ఆ సార్‌కు చెప్పుర్రి అని ఏడ్చింది. నేను ఎముకల డాక్టర్‌కు ఫోన్ చేసి మాట్లాడాను, పట్టీ చాలన్నాను. ఆమెకు నీళ్లిచ్చాను. వీపు నిమిరాను. చెప్పలేదు.

అప్పటి నుంచి అమీర్‌పేట వైపు వెళ్లడం మానుకున్నాను. ఎంత దూరం పంజాగుట్టకు అమీర్‌పేట? ఖైరతాబాద్ నుంచి తిరిగి వెళ్లేదాన్ని. సనత్‌నగర్‌లో మా చెల్లెలి ఇంటికి కూడా చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. ట్రాఫిక్ అని చెప్పేదాన్ని డ్రైవర్‌కు.

ఈ మధ్య ఒక రోజు ఓపీలో ఒకామె నా ముందు చేతులు జోడించింది. ఆమె భర్త బండి మీద నుంచి పడ్డాడు. మెదడు చిన్నగా నలిగింది, ఒక పక్క, కొద్దిగా. వాపు లేదు, రెండో స్కాన్‌లో పెరగలేదు, మనిషి లేచి కూర్చుని టీ అడుగుతున్నాడు. ఆపరేషన్ అవసరమే లేదు. కానీ ఆమె వినడం లేదు. వెంటనే ఆపరేషన్ చేయండి, ఆగితే మా ఆయన పనికిరాకుండా పోతాడు అంటోంది. ఎవరు చెప్పారని అడిగాను. బయట కూర్చున్న అక్క చెప్పింది, ఆమె వద్దన్నందుకే వాళ్లాయన అట్లా అయిపోయాడట అంది.

తలుపు తీసి చూశాను. బెంచీ మీద రవీందర్ పక్కన స్వరూప. ఆ దెబ్బ తర్వాత అతనికి ఫిట్స్ రాకుండా ఇస్తున్న మాత్రల చీటీ కోసం వచ్చింది. తన కథ పక్కవాళ్లకు చెప్పి, వాళ్లైనా తన తప్పు చేయకుండా చూడాలనుకుంది. నేను ఆమె చేతిలో పెట్టిన అబద్ధాన్ని ఆమె పక్కవాళ్లకు మందులా పంచుతోంది.

లోపలి ఆమెకు స్కాన్‌లు రెండూ చూపించి, చాలాసేపు చెప్పాను. మీ ఆయన నా తమ్ముడైనా ఆగేదాన్నే అన్నాను. ఆమె సగం నమ్మింది. అతను బాగుపడి వెళ్లాడు. కానీ నాకు ఆ రోజు నుంచి కుదురు లేదు. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలిసేది కాదు. తెలుసు. వెళ్లలేకపోయేదాన్ని.

పోయిన శనివారం మధ్యాహ్నం వెళ్లాను. కారు మెట్రో కింద వదిలి, సందులోకి నడిచి, మెట్లెక్కాను. స్వరూప బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తోంది. రవీందర్ మిషన్ ముందు ఖాళీగా కూర్చుని నన్ను చూసి నవ్వాడు. ఆమె కంగారుగా కుర్చీ తుడిచింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఆ మధ్యాహ్నం ఇమ్రాన్ ఏమన్నాడో, నాకేం తెలుసో, ఆమెకు ఎలా చెప్పానో, ఎందుకు అలా చెప్పానో. లెక్చరర్ సంగతి కూడా చెప్పాను, మళ్లీ అది సాకులా వినిపించి ఆపేశాను.

ఆమె సుద్ద కింద పెట్టలేదు. గీస్తున్న గీత చివరిదాకా గీసి అడిగింది: "మా అత్త మీ ముందట నన్నట్ల అన్ననాడు సుత మీకు ఎరుకేనా?"

ఎరుకే అన్నాను.

"ఆమె పోయి రెండేండ్లాయె మేడం. ఆఖరికి నా చేతి నీళ్లు తాగలే."

క్షమించమని అడగాలని వెళ్లాను. ఆ మాట విన్నాక అడగడానికి నోరు రాలేదు. ఆమె గుడ్డ వైపు చూస్తూనే, సింధు వచ్చే టైమైంది, జర కూసోర్రి అంది. నా బిడ్డకు మీరే చెప్పుర్రి, నేను జెప్తే నమ్మది అంది.

కూర్చున్నాను. గిరాకీ వచ్చి వెళ్లింది. రవీందర్ ఒకసారి టీ తాగుతారా అని అడిగాడు, మళ్లీ మరిచిపోయాడు. సింధు ఇప్పుడు కాలేజీ పిల్ల. బ్యాగు భుజం మీద పెట్టుకుని మెట్లెక్కి వచ్చి, నన్ను గుర్తుపట్టి నమస్తే మేడం అంది. ఆ పిల్ల కళ్లలోకి చూసి చెప్పాను: "మీ అమ్మ ఆపరేషన్ వద్దనలేదు. నేనే ఆమెతో వద్దనిపించాను."

సింధు నా వైపు చూడలేదు. తల్లి వైపు తిరిగి, చాలాసేపు ఆమెనే చూసింది, కొత్తగా చూసినట్టు. ఆ చూపు మధ్యలో నాకు చోటు లేదని అర్థమై లేచాను.

గుమ్మం దాటుతుంటే స్వరూప వెనక నుంచి అంది, ఇగ మేం వేరే డాక్టర్ దగ్గర చూపిచ్చుకుంటం అని. కోపంగా అనలేదు. సరే అన్నాను. కారు దగ్గరికి వెళ్లకుండా పంజాగుట్ట దాకా నడిచాను, జనంలో, హారన్లలో. ఎందుకు నడిచానో తెలియదు. ఆమె నన్ను క్షమించలేదు. క్షమించాల్సిన అవసరమూ లేదు. మీరు కూడా వద్దు. ఆ అత్తగారికి ఇక ఎవరూ చెప్పలేరు. ఆ పని నా చేతిలోంచి పోయింది, ఎప్పటికీ రాదు.

కానీ సింధు ముందు ఆ మాట నా నోటి నుంచి బయటికి వచ్చింది. ఇప్పుడు ఇక్కడ ఇంకోసారి రాస్తున్నాను, ఇంకెవరి గొంతులోనూ కాకుండా నా గొంతులో: ఆగుదామన్నది స్వరూప కాదు. నేను.